నాగోబా జాతర నేర్పే పాఠం

"ఈ కాలం పిల్లలకు కట్టుబాట్లు తెలియవు" అని మన పెద్దలు బాధపడుతుంటారు. కట్టుబాటు మాటతో రాదు, పెద్దల వెంట నడిస్తే వస్తుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబాను కొలిచే మెస్రం వంశస్తులు హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. కొత్త కోడళ్లను భేటింగ్‌లో దేవుడికి పరిచయం చేస్తారు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల గోడు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతోనే జాతరలో దర్బార్ మొదలైంది. ఆనాటి కొత్త, నేడు మన ఆచారం.

కాబట్టి కొత్తది వచ్చినందుకు పాతది పోదు. నేర్చుకునేవాళ్లు లేకపోతే పోతుంది. ప్రధాన్ల కిక్రీ పాటను సెల్‌ఫోన్‌లో దాచుకుంటే సరిపోదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వారి పక్కన కూర్చుని నేర్చుకుందాం.