ఇంధన ఘటం – గ్యాస్ టర్బైను: ఒక జోడీ చరిత్ర

విద్యుత్ కేంద్రాలలో ఉద్యోగ జీవితం గడిపిన మనకు ‘హీట్ రేట్’ అన్నమాట మరపురానిది. ఒక యూనిట్ విద్యుత్తు 860 కిలో క్యాలరీల వేడికి సమానం. అయితే 35 శాతం సామర్థ్యంతో నడిచే బొగ్గు కేంద్రం ఆ ఒక్క యూనిట్ ఇవ్వడానికి సుమారు 2,457 కిలో క్యాలరీలు తీసుకుంటుంది. మిగిలిన వేడి కూలింగ్ టవర్ల పాలు, పొగగొట్టాల పాలు. ఈ నష్టాన్ని తప్పించాలన్న ప్రయత్నం చాలా పాతది.

1839లో బ్రిటన్‌కు చెందిన విలియం గ్రోవ్ హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువుల నుంచి మంట లేకుండానే విద్యుత్తు పుట్టించవచ్చునని చూపాడు. ఫ్యూయల్ సెల్ అని మనం వింటున్న ఇంధన ఘటానికి అదే నాంది. 1894లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఓస్ట్వాల్డ్, ఇంధనాన్ని బాయిలరులో కాల్చడం మాని దాని శక్తిని నేరుగా విద్యుత్తుగా మార్చాలని బోధించాడు. 1937లో బావర్, ప్రైస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు జిర్కోనియా అనే పింగాణీ వంటి పదార్థంతో, సుమారు 1,000 డిగ్రీల వేడి వద్ద పనిచేసే ఘటాన్ని నడిపారు.

ఆ వేడే తరువాతి ఆలోచనకు మూలమైంది. గ్యాస్ టర్బైను వదిలిన వేడితో ఆవిరి పుట్టించి మరో టర్బైనును తిప్పడం విజ్జేశ్వరంలో మనవాళ్లు చూసిందే. ఈ కొత్త జోడీలో ఘటం ముందు, టర్బైను వెనుక. కంప్రెసరు పంపిన గాలి ఘటంలో విద్యుత్తు పుట్టడానికి తోడ్పడి, బాగా వేడెక్కి బయటకు వచ్చి టర్బైనును తిప్పుతుంది. ఒకే ఇంధనానికి రెండు రాబడులన్నమాట.

2000లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్వైన్‌లో సీమెన్స్ వెస్టింగ్‌హౌస్ వారి 220 కిలోవాట్ల జోడీ యంత్రానికి పరీక్షలు మొదలయ్యాయి. అది దాదాపు 53 శాతం సామర్థ్యం చూపింది. అంటే యూనిట్‌కు సుమారు 1,620 కిలో క్యాలరీలు చాలు. పైన చెప్పిన బొగ్గు కేంద్రంతో పోలిస్తే మూడో వంతు ఆదా! అంత చిన్న యంత్రానికి ఇది గొప్ప ఫలితమే.

మరి ఊరూరా ఎందుకు వెలియలేదు? చిక్కంతా ఖర్చు దగ్గర వచ్చింది. అంత వేడిలో పింగాణీ ఘటాలు క్రమంగా బలహీనపడతాయి. మాటిమాటికీ ఆపి నడిపితే పగుళ్లు వస్తాయి. కొంతకాలానికి ఘటాలనే మార్చాలి. ఘటాల ధరను 2010 నాటికి కిలోవాట్‌కు 400 డాలర్లకు దించాలని అమెరికా ప్రభుత్వం లక్ష్యం పెట్టుకున్నా, గడువు దాటినా ఆ ధరకు అంగడిలో దొరకలేదు. సీమెన్స్ ఈ రంగం నుంచి వైదొలగింది. జపాన్‌లో మిత్సుబిషి వారు మాత్రం వదలక, 2015లో క్యూషూ విశ్వవిద్యాలయంలో 250 కిలోవాట్ల తరగతి యంత్రాన్ని నెలకొల్పారు.

ఈలోగా పోటీదారు ఊరుకోలేదు. 2016లో ఫ్రాన్స్‌లోని బుషాన్ కంబైన్డ్ సైకిల్ కేంద్రం 62 శాతం దాటింది. దాని హీట్ రేట్ 1,390 లోపే. పెద్ద కేంద్రాల వద్ద కొత్త జోడీ ఆదా అక్కడే కరిగిపోయింది.

సామర్థ్యం ఇంధనపు బిల్లును తగ్గిస్తుంది; యూనిట్ ధరలో మాత్రం పెట్టుబడి, మరమ్మతు కూడా కలిసి ఉంటాయి. కనుక కొత్త యంత్రం ఎంత శాతం సామర్థ్యం ఇస్తుందో మన మనుమలు ఉత్సాహంగా చెప్పినప్పుడు, మరి రెండు ప్రశ్నలు వేయడం నేర్పుదాం: కిలోవాట్‌కు పెట్టుబడి ఎంత? ఎన్ని గంటలు నడుస్తుంది?