కలుపులో దొరికిన కూర

తొలకరి పడిన రెండు మూడు వారాలకు దక్కను మెట్టపొలాల్లో జొన్న, కంది, పెసర సాళ్ల మధ్య ఎవరూ విత్తనివీ మొలుస్తాయి. గునుగు, తుమ్మి, చెంచలి, దొగ్గలి, గలిజేరు, తగిరంచ, అటికమామిడి, పులిచింత... రైతు లెక్కలో ఇవన్నీ కలుపు. ఆ కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్ల లెక్కలో ఆ పూట కూర. వీటిని అడవి కూరలనడం అలవాటే గానీ, వీటిలో చాలావాటికి అడవితో పని లేదు. నాగలి తిరిగి, ఎరువు పడి, ఎండ తగిలే నేలలోనే ఇవి ఏపుగా వస్తాయి. చెట్ల నీడలో గునుగు కోసం వెతికితే దొరకదు. కాబట్టి వీటి చరిత్ర సేద్యం చరిత్రలోనే ఉంది, అందులోనూ కలుపు తీసే చేతుల చరిత్రలో.

ఆ చరిత్ర మొదటి అధ్యాయాలకు ఆధారాలు తక్కువ. గింజ మాడి బొగ్గయితే వేల ఏళ్లు నిలుస్తుంది, ఆకుకు ఆ అదృష్టం లేదు. కడప జిల్లా హనుమంతరావుపేట, పెద్దముడియం వంటి నవీన శిలాయుగపు ఊళ్ల మట్టిని జల్లించిన పురావస్తు పరిశోధకులకు ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికాయి గానీ, వాటితో నంజుకున్న ఆకు ఏదో చెప్పే సాక్ష్యం దొరకలేదు. అయితే ఆ కాలపు ముఖ్యమైన ధాన్యాల్లో కొర్ర జాతికి చెందిన ఒక గడ్డి కూడా ఉంది. ఈనాటి రైతు దాన్ని చూస్తే పీకి గట్టు మీద పారేస్తాడు. పంటకూ కలుపుకూ మధ్య గీత ఎప్పుడూ ఒకేచోట లేదనడానికి ఈ ఒక్క గడ్డి చాలు.

కూర ఏరడానికి ప్రత్యేకంగా పొలం వెళ్లే పద్ధతి తక్కువ. కలుపు కూలికి వెళ్లినప్పుడే పీకిన మొక్కల్లోంచి లేతవి వేరుచేసి ఒడిలో వేసుకునేవారు. పొద్దు వాలేసరికి కొంగు బరువెక్కేది. కూలి డబ్బులైనా గింజలైనా లెక్క ప్రకారం కొలిచి ఇచ్చే ఆసామి, ఒడిలోని ఆకును మాత్రం లెక్కలోకి తెచ్చేవాడు కాదు. పరాయి పొలంలోనైనా పంటను తొక్కకుండా కూర తెంపుకుంటే అడ్డు చెప్పకపోవడం ఊళ్లలో మర్యాద. రాతకోతల్లో ఎక్కడా లేని ఈ హక్కు మీదే భూమిలేని ఇళ్ల వానాకాలపు కూర నడిచింది.

ఏది తినవచ్చో తెలియడం ఒక్కటే సరిపోదు, ఎప్పుడు తినాలో కూడా తెలియాలి. తగిరంచ రెండు మూడు జతల ఆకులు వేసినప్పుడే కూర. ముదిరితే వాసన, పీచు. గునుగు కంకి తీయకముందే తెంపాలి. గలిజేరును ఒకసారి ఉడకబెట్టి, ఆ నీళ్లు వార్చి పారబోసి, ఆకును పిండి వండేవారు. అందులోని ఆక్సలేట్లు ఆ నీళ్లతో చాలావరకు పోతాయని ఇప్పుడు తెలుసు. ఆ పేరు తెలియకముందే పద్ధతి ఉంది. గలిజేరునూ అటికమామిడినీ ఒకదానికొకటిగా పొరబడటం పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. కలుపులో కూర్చున్న మనిషికి మాత్రం కాయనూ ఆకు మందాన్నీ చూస్తే చాలు.

వంట పెద్ద సరంజామా లేనిదే. నాలుగైదు రకాల ఆకు కలిపి పెసరపప్పుతో ఉడికించి, చింతపండు పులుసు పోసి, ఎండుమిర్చి, ఎల్లిపాయతో పోపు పెడితే జొన్న రొట్టెలోకి సరిపోయే కూర. నూనె కరువైన ఇళ్లలో నువ్వుల పొడో పల్లీల పొడో చల్లితే కమ్మదనం వచ్చేది. పులిచింత వేస్తే చింతపండు ఆదా. తుమ్మి సంగతి వేరు. దాని చేదూ ఘాటూ అంత సులభంగా లొంగవు. లేత ఆకు దూసి కడిగి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో మగ్గించి, చిక్కటి చింతపండు గుజ్జు పోసి దగ్గరపడేదాకా ఉడికించాలి. తెలంగాణలో వినాయక చవితినాడు ఈ కూర వండి దేవుడికి పెట్టి తినడం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆచారం. ఏడాదంతా ఆ ఆకు వంక చూడని పట్నం ఇళ్లలో కూడా ఆ ఒక్కరోజు తుమ్మి ఉడుకుతుంది. పండుగ పట్టుకుని నిలబెట్టిన కూర అది.

గునుగును కూడా పండుగే కాపాడింది, కాకపోతే కూరగా కాదు. ఆషాఢ శ్రావణాల్లో ఒడిలోకి రాకుండా తప్పించుకుని గట్ల మీద మిగిలిన గునుగు, భాద్రపదం చివరికి వెండి రంగు కంకులు తీసి బతుకమ్మలో తంగేడు పక్కన చేరుతుంది. పువ్వుగా దాన్ని గుర్తుపట్టేవారు ఎక్కువ, ఆకుగా తిన్నవారు తక్కువ.

ఈ కూరలను కరువు తిండి అనడం సగమే నిజం. 1832–33 నాటి గుంటూరు డొక్కల కరువులోనూ, రాయలసీమను ఊడ్చిన 1876–78 ధాత కరువులోనూ వానే లేదు. వాన లేని పొలంలో కలుపు కూడా మొలవదు. అలాంటి ఏళ్లలో జనం చింతగింజలకూ అడవి దుంపలకూ చెట్ల ఆకులకూ తిరిగారు. కలుపుకూర అసలు ఆదుకునేది మామూలు ఏడాదిలోనే: పాత గింజలు అడుగంటి, కొత్త పంట ఇంకా చేతికి రాని ఆషాఢం నుంచి భాద్రపదం దాకా. అయినా పేదరికం ముద్ర దాని మీదే పడింది. పెరటి తోటకూర తిన్నవారికి లేని చిన్నతనం, చేని దొగ్గలి తిన్నవారికి వచ్చింది. రెండూ ఒకే జాతి మొక్కలు.

అడవిలో ఏరుకునేవారి చరిత్ర దీనికి సమాంతరంగా, వేరే దారిలో నడిచింది. నల్లమల చెంచులు ఇనుప మొన ఉన్న కర్రతో దుంపలు తవ్వి బతికిన తీరును క్రిస్టాఫ్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో అచ్చయిన తన పుస్తకంలో వివరంగా రాశాడు. 1882 మద్రాసు అటవీ చట్టం లాంటివి అడవి మీద సర్కారు గీతలు గీశాయి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులు సేకరించుకునే హక్కును తిరిగి రాతలో పెట్టింది. చేని కూరకు ఇలాంటి చట్టం ఏదీ రాలేదు. దాన్ని ఎవరూ నిషేధించలేదు, కాబట్టి ఎవరూ తిరిగి ఇప్పించనూ లేదు.

అది పోయిన తీరు వేరు. 1960ల తర్వాత కొత్త వంగడాలు, ఎరువులు వచ్చాయి. 1983లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం జొన్న రొట్టెను పక్కకు నెట్టింది, రొట్టెతోపాటు దాని కూరా కొంత పక్కకు జరిగింది. కలిసి పండే జొన్న, కంది, పెసర చేలు పత్తి చేలయ్యాయి. పురుగుమందు కొట్టిన పత్తిలో ఆకు తెంపడానికి భయం. చివరిది, అన్నిటికన్నా పెద్దది, కలుపు మందు. కూలి రేటు పెరిగినచోట ఒక డబ్బా మందు పదిమంది పనిని ఒక్క పూటలో చేస్తుంది. రైతుకు అది మిగులు. ఆ పదిమందికి కూలీ పోయింది, కూరా పోయింది.

ఇదే కాలంలో ఎదురు నడిచిన చోటు జహీరాబాద్ ప్రాంతం. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా, ఎక్కువగా దళిత మహిళల సంఘాలతో పనిచేసింది. పాత పంటల జాతరల్లో చిరుధాన్యాల విత్తనాలతోపాటు విత్తని కూరలనూ చర్చకు తెచ్చింది. రసాయనాలు వాడని కలగలుపు చేలలో డజన్లకొద్దీ ఆకులు ఇంకా మొలుస్తున్నాయని, వాటి పేర్లూ వండే తీరూ తెలిసినవారు అక్కడి ఆడవాళ్లేనని ఆ పని బయటపెట్టింది.

కొన్ని మొక్కలు గట్టు దాటి మార్కెట్‌కు చేరాయి. గంగవావిలి, పొన్నగంటి ఇప్పుడు మడుల్లో పెంచే కట్టల కూరలు. తీగ మీద దొరికే బోడకాకర వానాకాలంలో కోడిమాంసంతో పోటీపడే ధర పలుకుతుంది, దాన్నీ కొందరు సాగులోకి తెచ్చారు. చెంచలి, తగిరంచ, అటికమామిడి మాత్రం సంతకు రాలేదు. అవి తెంపిన గంటకే వాడిపోతాయి, కట్ట కట్టేంత పొడవుండవు, నాలుగు రకాలు కలిస్తే తప్ప కూర కావు. ఇప్పటికీ అవి కావాలంటే చేతితో కలుపు తీసే చేను ఎక్కడుందో వెతుక్కోవలసిందే.