ఒక పేరు, పలువురు పూర్వులు

చెన్నపురిలో తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములలో తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము నేటికిని కలదు. పెద్దల పేరు నిలుపుట పుణ్యమని మనవారి విశ్వాసము. అయితే ఆ పుణ్యముతోపాటు ఒక చిక్కుకూడ మనకు సంక్రమించినది. తరము విడిచి తరము అదే పేరు వచ్చుచుండుటచే, పాత కాగితములలోని పేరు ఏ తరమువానిదో తెలియక, ఒకరి కీర్తిని వేరొకరికి అంటగట్టుచున్నాము. ఈ చిక్కును విప్పు మార్గము మన నగరము పుట్టిన కథలోనే కలదని చూపుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

1639వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియగు ఫ్రాన్సిస్ డే ఇచ్చటి సముద్రతీరమున కోట కట్టుకొనుటకు అనుమతి పడసెను. ఆ యనుమతి నిచ్చినవాడెవడని యడిగినచో వెంకటాద్రి యని కొందరును, వెంకటప్ప యని కొందరును, చంద్రగిరి వెంకటపతిరాయలని కొందరును, శ్రీరంగరాయలని మరికొందరును చెప్పుదురు. ఈ నాలుగు పేర్లును చరిత్రలో నున్నవే. వానిని ధరించిన మనుష్యులను వేరుపరచుటయే కష్టము.

మొదటి రెండు పేర్లును ఒక్కనివే. దామెర్ల చెన్నప్పనాయకుని కుమారుడు వెంకటాద్రినాయకుడు. అతనినే వెంకటప్ప యనియు వ్యవహరించిరి. అతడు వందవాసి నేలినవాడు. సోదరుడు అయ్యప్ప పూనమల్లి యందుండెను. ఇంటిపేరు, తండ్రి, సోదరుడు, నివాసము - ఈ నాలుగును సరిపోయినవి గనుక ఇరువురుగా తోచినవారు ఒక్కడే యని తేలినది. చెన్నప్ప కుమారులలో మరియొకడగు అంకభూపాలుడు తన ‘ఉషాపరిణయము’ అను తెలుగు కావ్యమున, తండ్రిపేర చెన్నపట్టణము వెలసిన సంగతిని చెప్పియున్నాడు. కంపెనీ గుమాస్తాలు చెవికి వినబడినట్లెల్ల మన పేర్లను వ్రాయుచుండగా, తెలుగు కవి తన యింటివారిని తప్పులేకుండ పేర్కొనుట మనకెంతయో మేలైనది.

ఇక వెంకటపతిరాయలు. ఇచ్చట పొరపాటు మరియొక విధమైనది. ఆరవీటి వంశమున ప్రసిద్ధుడైన వెంకటపతిరాయలు 1614లోనే పరమపదించెను. ఆ పిమ్మట ఇరువదియైదేండ్లకు జరిగిన దానితో అతనికి సంబంధ ముండనేరదు. 1639లో ప్రభువుగా నున్నవాడు 1632 మొదలు 1642 వరకు రాజ్యము చేసిన పెదవెంకటరాయలు. వంశ మొకటే, పేరొకటే, చంద్రగిరి వేలూరుల సంబంధము కూడ ఒకటే యగుటచే ఇరువురును ఒక్కడుగా కలిసిపోయిరి. వారిని విడదీయునది కాలమొక్కటే. శ్రీరంగరాయలన్నను అంతియే. ఆ పేరుగల ఆరవీటి రాజులు ముగ్గురు. వారిలో మూడవవాడు 1642లో రాజ్యమునకు వచ్చి, 1645లో కంపెనీ హక్కులను స్థిరపరచుచు వేరొక పత్రమిచ్చెను. తరువాతివారు ఆ రెండు పత్రములను కలిపివేసి, మొదటి దానమును గూడ అతనికే కట్టబెట్టిరి.

మరి నలువది యేండ్లు గడచునప్పటికి కంపెనీ దినచర్య గ్రంథములలో పెద్ద వెంకటాద్రి, చిన్న వెంకటాద్రి యను ఇరువురు వర్తకులు కనబడుదురు. వీరు వందవాసి నాయకులు కారు. వర్తకము చేసి పెద్దలైనవారు. పెద్ద, చిన్న యను ఆ చిన్నమాటలే లేకున్నచో ఈ యిరువురిని గూడ ఒక్కనిగా చేసియుందుము.

మా యింటను ఇట్టి భ్రమయే యుండెను. మా తాతగారి తాత పేరు వెంకటాద్రి. చెన్నపట్టణమును దానమిచ్చిన వెంకటాద్రి ఆయనయే యని మా పెద్దలు గర్వముతో చెప్పుకొనుచుండిరి. జార్జిటవునులోని పాత యిల్లును ఆయన కొన్నదే యనిరి. మేము తరములు లెక్కించితిమి. తరమునకు ముప్పది యేండ్లనుకొన్నను, ఆయనకును 1639కిని నడుమ ఎనిమిది తరములైన నుండవలెను. ఇంటిపేరును దామెర్లవారిది కాదు. ఇంటి క్రయపత్రమున వెంకటాద్రి యని యున్నమాట నిజమే; కాని ప్రక్కనున్న తండ్రిపేరును చూడగా అతడు ఆ వృద్ధుని మనుమడని తేలినది. వృద్ధుడు నెల్లూరు సీమనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి, కొత్వాలు చావడి అంగళ్లలో లెక్కలు వ్రాసి, బాడుగ యింటనే కన్నుమూసినవాడు. ఈ సంగతి విని మా పినతండ్రిగారు కొన్నినాళ్లు మాతో మాటలాడలేదు. మాకును మనసు చివుక్కుమన్నది. కాని లేని రాజ్యము పోయినందుకు మాకు నిజమైన పూర్వుడు దొరికెను. ఆయన కష్టమే మమ్ము ఈ యూర నిలిపినది. ఇన్నాళ్లు దానిని మేము తలచుకొననే లేదు.

ఆలోచించి చూడగా మన పితృకార్యమందే ఈ జాగ్రత్త కలదు. తర్పణమున గోత్రము చెప్పి, పేరు చెప్పి, తండ్రిని వసురూపునిగా, తాతను రుద్రరూపునిగా, ముత్తాతను ఆదిత్యరూపునిగా స్మరింతుము. తండ్రియు ముత్తాతయు ఒకే పేరువారైనను ఎవరి తిలోదకము వారికే చేరును. పేరొక్కటే చాలదని మన పెద్దలెరుగుదురు.

నేడు ఈ నగరమున మనము మరచుచున్నది అదియే. తెలుగువారి పేరుముందు పొడియక్షరము ఇంటిపేరునకు గుర్తు. తమిళ సోదరుల వాడుకలో అది తండ్రిపేరునకు గుర్తు. మనలో పలువురు బడిలోను, కచేరీలోను రెండవ పద్ధతినే అనుసరించుటచే ఇంటిపేరు కాగితములనుండి తొలగిపోవుచున్నది. నూరేండ్ల పిమ్మట ఆ యొంటి యక్షరమును చూచి, అది ఇంటిపేరో తండ్రిపేరో ఎవరు చెప్పగలరు?

కావున సోదరసోదరీమణులకు మా మనవి యొక్కటి. ఎగ్మూరు దస్తావేజుల భాండాగారమునకు పోవుటకు ముందు ఇంటనున్న పెద్దలను అడుగుడు. ప్రతి పూర్వుని పేరుప్రక్కన ఇంటిపేరు, గోత్రము, తండ్రిపేరు, భార్యపేరు, వచ్చిన యూరు, తెలిసినంతవరకు సంవత్సరము వ్రాసియుంచుడు. కీర్తి గల పేరు కనబడినప్పుడు మనవాడని సంతసించుటకు ముందు కాలమును సరిచూడుడు. పూర్వుల పేరు నిలుపుటయనగా పిల్లలకు పెట్టుట మాత్రమే కాదు. ఎవరి జీవితమును వారికి దక్కించుటకూడ.