సరదాకు పుట్టిన వేధశాలలు

విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీ తెలియనివాళ్లు ఉండరు. ఆ పొడి అక్షరాల వెనకున్న అంకితం వెంకట నరసింగరావు చుక్కల పిచ్చి ఉన్న మనిషని ఎంతమందికి తెలుసో మరి!

ఆ పిచ్చి ఆయనకు మామగారి నుంచి సంక్రమించింది. గోడే వెంకట జగ్గారావు జమీందారు. కుర్రతనంలో మద్రాసు వెళ్లి, అక్కడి వేధశాలను నడిపే టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. తిరిగొచ్చాక శిస్తులూ తగాదాలూ చూసుకుంటూ కూర్చుంటే కాదనేవాళ్లు లేరు. ఆయన మాత్రం 1840లో డాబాగార్డెన్స్‌లోని ఇంట్లోనే సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. పెట్టమన్నవాళ్లూ లేరు, జీతమిచ్చేవాళ్లూ లేరు.

1856లో జగ్గారావు పోయారు. డిప్యూటీ కలెక్టరుగా ఉన్న అల్లుడు ఉద్యోగం వదిలేసి ఎస్టేటు చూసుకోవడానికి వచ్చేశారు. మామగారి ఆస్తికి వచ్చే అల్లుళ్లకు మన దగ్గర కొదవేం లేదు గానీ, టెలిస్కోపును కూడా ఆస్తి లెక్కలో వేసుకున్నవాడు ఈయనొక్కడేనేమో. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1871లో ఆయన్ను సభ్యుడిగా చేర్చుకుంది. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా నడిచిపోతుంటే విశాఖ నుంచి లెక్కగట్టి రాసుకున్నది నరసింగరావే.

హైదరాబాద్ కథా ఇలాంటిదే. పాయిగా వంశస్థుడు, నిజాం కొలువులో మంత్రి అయిన నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాల పెట్టారు. ఆయన ముందుచూపు గొప్పది. దానికి నిజామియా అని పేరు పెట్టుకునేందుకు అనుమతి అడుగుతూనే, తన తదనంతరం సర్కారే దాన్ని తీసుకోవాలని కోరారు. 1907లో ఆయన పోయారు, 1908లో సర్కారు తీసుకుంది.

సరదా అక్కడితో కొలువైపోయింది. ఆకాశాన్నంతా వాటాలేసుకుని ఫొటోలు తీయాలని 1887లో పారిస్‌లో దేశదేశాల వేధశాలలు ఒప్పందం చేసుకున్నాయి. చిలీలోని సాంటియాగో చేయలేక వదిలేసిన వాటా హైదరాబాద్‌కు దక్కింది. గాజు పలకల మీద ఫొటో తీయడం, ఒక్కో చుక్క ఎక్కడుందో చేత్తో కొలిచి పుస్తకానికెక్కించడం. ఏళ్ల తరబడి ఇదే పని. ఈసారి జీతాలున్నాయి లెండి.

నవాబుగారు అంత మోజుపడి కొన్న ఆ పెద్ద టెలిస్కోపు మాత్రం ఆయన పోయిన పదిహేనేళ్లకు, 1922లో గానీ, ఫిసల్‌బండ నుంచి వేధశాల మారిన బేగంపేటలో కుదురుకోలేదు.