చెఱువు గట్టు: వెట్టియు, కూలియు

మా తాతగారు చెప్పిన యొక సంగతితో నీ ప్రసంగము నారంభించెదను.

మాది రాయలసీమలో నొక చిన్న గ్రామము. ఊరికి పడమట నొక చెఱువు కలదు. మా తాతగారి బాల్యమున నొకయేడు చిత్త కార్తెలో మూడు దినములు ఎడతెగక వాన కురిసెను. మూడవనాటి రాత్రి గట్టునకు గండి పడునట్లుండగా, తలారి తప్పెట కొట్టి ఇంటికొక మనిషి రావలెనని చాటెను. జనులు పారలు, పలుగులు, గంపలు గొని పరుగెత్తిరి. కంప నఱికి తెచ్చి, అడుసు తొక్కి, మన్ను మోసి, కోడి కూయునప్పటికి గట్టు నిలిపిరి.

తెల్లవాఱిన పిదప రచ్చకట్టకడ ఒక పాలేరు చేతులు కట్టుకొని నిలిచి, ఊరిపెద్ద నిట్లడిగెనట: “అయ్యా, చెఱువు నిలబడింది. మీ మడులు పండుతాయి. నాకు సెంటు నేల లేదు. నా రేతిరి పని ఎవురి లెక్కలో రాస్తారు?”

“ఊరందఱి చెఱువురా అది!” అని పెద్ద బదులు చెప్పెనట.

మా తాతగా రీ కథ చెప్పి, “పెద్ద చెప్పినదియు నిజమే, వాడడిగినదియు నిజమే” యని యూరకుండెడివారు. ఆ రెండు నిజములను కలుపుటకు మన దేశము పడిన పాట్లే నేటి నా విషయము.

కడప సీమలోని పోరుమామిళ్ల చెఱువుకడ నొక శిలాశాసనము కలదు. అది 1369వ సంవత్సరమునాటిది. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెఱువును గట్టించెను. మంచి చెఱువునకు వలసిన పండ్రెండు సాధనములను, చెఱువునకు గల యాఱు దోషములను ఆ శాసనము లెక్కించినది. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రము నెఱిగిన పండితుడు, గట్టి నేల, తీయని నీటి యేఱు మొదలగువానితో పాటు, కట్టుటయందు నేర్పుగల పనివారి సమూహము గూడ అందొక సాధనముగా నున్నది. దినమునకు వేయిమంది పనివారును, ఱాతికై నూఱు బండ్లును పనిచేయగా, రెండేండ్లకు చెఱువు పూర్తియైనదనియు నందు వ్రాయబడినది. కట్టించిన ప్రభువు పేరు మనకు దెలియును. ఆ వేయిమందిలో నొక్కని పేరును దెలియదు. అయినను పనివారు లేక చెఱువు లేదని యెఱిగి, ఆ మాట ఱాతిపై చెక్కించుట పూర్వుల పెద్దతనమే.

చెఱువు గట్టుట యొక యెత్తు, దానిని నిలుపుకొనుట మఱియొక యెత్తు. ఏటేట పూడిక తీయవలెను, తూము సరిచూడవలెను, గట్టుపై మన్ను వేయవలెను. ఇందులకు మన సీమలలో దశబంధమను నేర్పాటుండెను. చెఱువును బాగుచేయు భారము వహించినవానికి, దాని యాయకట్టులో గొంత భూమి యినాముగా దక్కెడిది. చిన్న పనులకు కుడిమరామత్తను నాచారము కలదు. అనగా, ఆయకట్టు రైతులే కలిసి కాలువ పూడిక తీసికొనుట. ఆచారముచే ఆ భారము భూమి గలవానిదే. కాని యొకరాత్రి గట్టుపై గంప మోసినవాడు ఎల్లప్పుడును భూమి గలవాడే కాడు. ఆసామి తనకు మాఱుగా పాలేరును పంపును. మా తాతగారి కథలోని పాలే రట్లు వచ్చినవాడే.

కంపెనీవారి దినములలో నీ యేర్పాటు సడలెను. ప్రభుత్వము శిస్తు గైకొనుటయందు చూపిన శ్రద్ధ మరామత్తునందు చూపలేదు. 1853 ప్రాంతమున లెక్కింపగా, మద్రాసు రాజధానిలోని 14 జిల్లాలలో సుమారు 43,000 చెఱువులు పనిచేయుచుండెననియు, మఱి 10,000 పాడుపడి యుండెననియు దేలినది. అంతకు ముందే 1832-33లో నందన కఱవు గుంటూరు సీమను పాడుచేసియుండెను. ఆ జిల్లాలో అయిదులక్షల జనులలో రమారమి రెండులక్షలు నశించిరని చెప్పుదురు. పిదప ఆర్థరు కాటను దొర పూనికచే 1847లో ఆరంభమైన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి ముగిసెను. బెజవాడకడ కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. గోదావరి, కృష్ణా మండలములకు అన్నము దొరకినది.

కాని కాలువలు పెరిగినకొలది, గట్లు కాపాడు పనియు పెరిగెను. వరద వచ్చినప్పుడు మనుష్యు లెక్కడ దొరకుదురు? ఈ ప్రశ్నకు బదులుగా వచ్చినది 1858వ సంవత్సరపు మొదటి చట్టము. దానిని మద్రాసు నిర్బంధ శ్రమ చట్టమని పిలిచిరి. ఇందు రెండు భాగములను మీరు గమనింపవలెను.

మొదటిది: గట్టు తెగి ముంపు కలుగు నపాయము దాపురించినప్పుడు, చుట్టుప్రక్కల నున్న దేహదారుఢ్యము గల పురుషులను అధికారి పిలిపించి పని చేయింపవచ్చును. అయితే ఆ పనికి, ఆ ప్రాంతమున నట్టి పనికి దొరకు హెచ్చు కూలి నీయవలెను. రెండవది: ఆచారముచే ఊరందఱు కలిసి చేయు నీటిపారుదల పనికి రాక, తగిన కారణము లేక నిరాకరించినవాడు, తాను చేయవలసిన పని వెలకు రెట్టింపు చెల్లింపవలెను.

మొదటి భాగము న్యాయముగనే యున్నది. రాత్రివేళ పిలిచినను కూలి యియ్యవలెనని చట్టమే చెప్పినది. మా ఊరి పాలే రడిగిన ప్రశ్నకు జవాబు కాగితముపై నప్పటికే యున్నదన్నమాట! కాని కాగితము రచ్చకట్ట వఱకు రాలేదు. రెండవ భాగమున చట్టము తప్పిన రైతును శిక్షించెను. తూము బాగుచేయక విడిచిన ప్రభుత్వమును శిక్షించు మాట అందు లేదు.

మఱుసటి యేడు, 1859లో, మఱియొక చట్టము వచ్చెను. బయానా తీసికొని పనికి రాని కూలివానిని యజమాని మేజిస్ట్రేటు నెదుటికి ఈడ్పించవచ్చును. ఉత్తరువు తప్పినచో మూడు నెలల వఱకు ఖైదు. కూలి ఎగవేసిన యజమానికి అట్టి ఖైదు లేదు. త్రాసులో నొక తట్టయే బరువైన ఈ చట్టము 1925లో గాని రద్దు కాలేదు.

ఇక ధాత కఱవు సంగతి. 1876-78లో బళ్లారి, కర్నూలు, కడప సీమలు మండిపోయినవి. ఆకలిగొన్న జనులకు ప్రభుత్వము మన్ను పనులు, కాలువ పనులు చూపెను. మద్రాసునందు బకింగుహాము కాలువలోని కొంతభాగ మట్టి పనిచేతనే తీర్చిరి. అప్పుడు సర్ రిచ్చర్డు టెంపులు 1877 జనవరిలో కూలిని తగ్గించెను. పురుషునకు దినమొక్కింటికి నొక పౌను ధాన్యము వెలయు, దానిపై నొక అణాయు. పౌనన మన లెక్కలో అరకిలోకు తక్కువ. దినమంతయు పలుగు పట్టినవాడు దానితో నెట్లు బ్రదుకును? ఈ కూలితో పనిచేయువాని శరీరము నిలువదని మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారియైన కార్నిషు దొర గట్టిగా వాదించెను. పలుచోట్ల కూలీలు పని విడిచి పోయిరి. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. 1880లో కఱవు సంఘమువారి నివేదికయు, దానినిబట్టి 1883లో కఱవు నిబంధనావళియు వచ్చినవి. ఆకలిగొన్నవాని కెంత కూలి యియ్యవలెనన్న ప్రశ్న నాడే మన దేశమున పుట్టినది.

తెలంగాణమున వెట్టి మఱింత కఠినము. దొర గడికి, అధికారి బసకు, పెండ్లికి, చావుకు కూలి లేని చాకిరి కులములవారీగా పంచబడియుండెను. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ, తరువాతి సభలలో వెట్టిని మాన్పవలెనని యెలుగెత్తినది. 1946 నాటికి అది పోరాటముగా మాఱినది.

స్వతంత్ర భారత రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చెను. దాని 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. ప్రజాప్రయోజనమునకై ప్రభుత్వము నిర్బంధ సేవను విధింపవచ్చును గాని, అందు మతము, జాతి, కులము, తరగతి చూడరాదని అదియే శాసించినది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడపు కూలీల వ్యాజ్యమున, కనీస వేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొనుటయు నిర్బంధ శ్రమయే యని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆకలి యనునది గూడ సంకెలయే యని దాని భావము. ఆ మఱుసటి యేడు రాజస్థానమున కఱవు పనిగా రోడ్డు వేసినవారికి తక్కువ కూలి యిచ్చిరన్న వ్యాజ్యము వచ్చెను. కఱవు పని యనెడి నెపమున కనీస వేతనము తగ్గింపరాదని కోర్టు నిర్ణయించినది. 1877లో కార్నిషు దొర వాదించిన మాట, నూఱేండ్లు దాటిన పిదప న్యాయస్థానపు తీర్పైనది.

పెద్దలారా, దీనినిబట్టి ఊరి పనికి అందఱు కలిసి వచ్చుట తప్పని నే ననుట లేదు. కుడిమరామత్తు పోయిన తరువాత చెఱువులు పూడినవని మీరెఱుగుదురు. 1997లో ఆంధ్రప్రదేశమున రైతుల నీటి సంఘములకు చట్టము చేసిరి. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ పేర 46,000కు మించిన చెఱువులను బాగుచేయ సంకల్పించిరి. ఇప్పుడు గంపలకు బదులు యంత్రములు మన్ను తీయుచున్నవి. ఎవరు తీసినను, గట్టు నడుగవలసిన ప్రశ్న యొక్కటే: నీరు పారిన మడి యెవరిది, మన్ను మోసిన చేయి యెవరిది, ఈ రెంటి నడుమ లెక్క సరిపోయినదా?

మా తాతగారి కథకు చివర యొకటి కలదు. ఆ యేడు పంట కళ్లమునకు వచ్చినప్పుడు, ఊరిపెద్ద ఆ పాలేరును పిలిచి, ఆయకట్టు రైతులందఱిచేత తలకొక చేట చొప్పున వడ్లు కొలిపించెనట. చట్టము చెప్పినందున గాదు. రచ్చకట్టకడ వాడడిగిన మాట ఆయనకు నిద్ర పట్టనీయలేదట. చట్టము రానిచోటికి మనస్సు వచ్చినది. కాని అన్ని యూళ్లలో నట్టి పెద్ద యుండడు గనుకనే చట్టము కావలసి వచ్చినది. చట్టమును చదివి చెప్పగల పెద్ద యుండిననే అది రచ్చకట్ట వఱకు వచ్చును. ఆ పని మీది.