మిడతలో మిగులు క్రోమోజోములు

కోనసీమ వరిగట్టు మీద అడుగు వేయగానే చటుక్కున ఎగిరే పచ్చ మిడతల్లో ఆక్సియా జాతివీ ఉంటాయి. మగదాని కణంలో 23 క్రోమోజోములు, ఆడదానిలో 24. మగదానికి ఎక్స్ క్రోమోజోము ఒక్కటే, ఆడదానికి రెండు. ఈ ఒంటి క్రోమోజోమును లింగంతో ముడిపెట్టింది అమెరికన్ క్లారెన్స్ మెక్‌క్లంగ్, 1902లో. అయితే అదే మగతనాన్ని ఇస్తుందనుకున్నాడు; అక్కడ లెక్క తిరగబడింది.

అసలైన మిగులు సరుకు వేరు. 1907లో ఎడ్మండ్ విల్సన్ రసం పీల్చే ఒక పురుగులో లెక్కకు మించిన క్రోమోజోములు చూశాడు. 1928లో రాండాల్ఫ్ అనే శాస్త్రవేత్త మొక్కజొన్నలో వాటికి ‘బీ’ అని పేరు పెట్టాడు. తెలుగునాట ఈ పని సజ్జతో సాగింది: వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి జె.వి. పంతులు 1960లో సజ్జ బీ క్రోమోజోములను ప్రకటించారు.

బీ క్రోమోజోముల్లో ఏముందన్నది తరవాత తేలింది. స్పెయిన్‌లో బాగా శోధించిన ఐప్రెపోక్నెమిస్ ప్లోరాన్స్ అనే మిడతలో బీ క్రోమోజోము నిండా ముఖ్యంగా ఉన్నవి రెండే: రైబోజోముల తయారీకి పనికొచ్చే డీఎన్ఏ, జపమాల పూసల్లా వరసగా తిరిగొచ్చే 180 అక్షరాల ముక్క. మిడతకు ఆ బీ క్రోమోజోము లేకపోయినా బతుకు సాగుతుంది.