మందు చీటీ, తాకట్టు చీటీ

అప్పు చేసి పప్పుకూడు తినవద్దన్నారు పెద్దలు. అప్పు చేసి మందు మింగవద్దని మాత్రం ఎవరూ అనలేదు. అనలేరు కూడా. ఇంట్లో మనిషి మంచం మీద మూలుగుతుంటే, మిత్తి నూటికి రెండా, మూడా, అయిదా అని బేరమాడే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి? పెళ్ళికి చేసే అప్పును ముందుగా లెక్క వేసుకుంటాం. ఇంటికి చేసే అప్పుకు గోడలైనా మిగులుతాయి. వైద్యానికి చేసే అప్పుకు ముందు లెక్కా ఉండదు, తరువాత చూపించుకోవడానికి వస్తువూ ఉండదు. అదృష్టం బాగుంటే మనిషి మిగులుతాడు. అంతే.

ఒక నవల కోసమని ఆ మధ్య జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తిరిగాను. ఈ మూడూ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకుముందు మూడూ వరంగల్లు జిల్లా ఊళ్ళే. పెద్ద జబ్బు అనగానే అందరూ వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రి దారి పట్టేవాళ్ళు. నేను వెళ్ళింది పాత సంగతులు అడగడానికి. కాని ఆడవాళ్ళు నలుగురు చేరిన చోటల్లా మాట దవాఖాన ఖర్చు మీదికే మళ్ళేది. మహబూబాబాద్ దగ్గర ఒకావిడ వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. ఆయన గుండె జబ్బుకు గొలుసు కుదువపెట్టిందట. పిల్లవాడి డెంగీ జ్వరానికి కమ్మలు పోయాయట. "మరి నీ నడుం నొప్పికో?" అన్నాను. "నాదేమున్నది మేడం, అది ఎప్పుడూ ఉన్నదే" అని నవ్వేసింది.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. మీకూ కొత్త కాదు. ఇంట్లో జబ్బుకు ముందు కదిలేది ఇల్లాలి నగ. అందరికన్నా చివర డాక్టరు ముఖం చూసేది ఇల్లాలి జబ్బు. ఈ సంగతి మన ఒక్క దేశానిదేనా అని చరిత్ర పుస్తకాలు తిరగేస్తే, చాలా దూరం పోవలసి వచ్చింది.

ముందు మన గడప దగ్గరే మొదలుపెడదాం. నిజాం కాలంలో జనగామ ప్రాంతంలో 'నాగు' అని ఉండేది. ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు దొర దగ్గర ధాన్యం తెచ్చుకుని, పంట రాగానే ఒకటికి ఒకటిన్నరగా కొలిచి ఇవ్వాలి. అది తీరక మళ్ళీ అప్పు. ఆ అప్పు కింద ఏళ్ళ తరబడి చాకిరీ చేసేవాణ్ణి భగేలా అనేవారు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలను అదుపు చేస్తూ చట్టం చేసింది గానీ, కాగితం మీది చట్టం గడీ గోడ దాటి లోపలికి పోలేదు. అలాంటి ఊళ్ళో ఇంటి పెద్ద పదిరోజులు జ్వరంతో పడుకుంటే, అది జ్వరంతో పోదు కదా! కూలి పోతుంది, గింజలు పోతాయి, నాగు పెరుగుతుంది.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన చేను తనదేనని నిలబడింది. ఆ పోరాటం భూమి కోసం, వెట్టి పోవడం కోసం. వైద్యం కోసం కాదు. కాని అప్పు మనిషిని ఎలా కట్టేస్తుందో ఆ తరం వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సరిగ్గా అదే 1946లో, ఢిల్లీలో సర్ జోసెఫ్ భోర్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. డబ్బు ఇచ్చుకోలేని కారణంగా ఏ ఒక్కరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది దాని మూలసూత్రం. ఎంత మంచి మాట! స్వతంత్రం వచ్చాక మనం చాలాభాగం దాన్ని బీరువాలో భద్రంగా దాచుకున్నాం. ఆ మాటను రెండేళ్ళలో చేసి చూపించిన దేశం మాత్రం ఒకటుంది. మనల్ని ఏలిన ఇంగ్లండే! అక్కడ ఈ ఆలోచన పుట్టింది పార్లమెంటులో కాదు, బొగ్గుబాయి దగ్గర. కనుక మనమూ భూపాలపల్లి మీదుగానే అక్కడికి పోదాం.

భూపాలపల్లి సింగరేణి ఊరు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనబడింది. ఆ బొగ్గును మోయడానికే డోర్నకల్ నుంచి రైలు పట్టాలు వేశారు. ఆ డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. భూపాలపల్లి గనులు చాలా తరువాతివి. అక్కడ గని కార్మికుడి ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా కంపెనీ ఏరియా ఆసుపత్రి చూస్తుంది. అక్కడ కాకపోతే హైదరాబాదుకు పంపుతుంది. ఆ క్వార్టర్లలో ఒకావిడను, ఆపరేషనుకు ఎంతయింది అని అడిగితే ఆమెకు అంకె గుర్తు లేదు. ఆ క్వార్టర్లు దాటి నాలుగు మైళ్ళు పోతే, పత్తి చేలో కలుపు తీసే ఆమె మాత్రం రూపాయితో సహా చెప్పింది. ఖర్చు గుర్తు లేకపోవడం కూడా ఒక భాగ్యమేనని ఆ రోజు తెలిసింది.

బి.ఏ. చదివే రోజుల్లో నేను క్రోనిన్ నవల 'ది సిటాడెల్' ఇష్టంగా చదివాను. 1937లో వచ్చిన నవల. ఆయన స్వయానా డాక్టరు. 1920ల్లో వేల్సులో ట్రెడిగర్ అనే బొగ్గుగనుల ఊళ్ళో పనిచేశాడు. ఆ ఊళ్ళో 1890 నుంచీ కార్మికుల వైద్య సహాయ సంఘం ఒకటి ఉండేది. సంపాదించిన ప్రతి పౌనుకూ మూడు పెన్నీలు సంఘానికి కట్టాలి. మన లెక్కలో నూటికి రూపాయి పావలా. మన ఊళ్ళలో నెల మిత్తి కన్నా తక్కువే! దాంతో డాక్టరు, మందు, ఆసుపత్రి, అన్నీ అందేవి. 1920ల నాటికి ఊళ్ళో నూటికి తొంభై అయిదు మంది అందులో ఉన్నారు.

మనం చీటీలు వేస్తాం కదా, దాదాపు అలాంటిదే. కాకపోతే మన చీటీ పాట పాడుకున్నవాళ్ళకు దక్కుతుంది. వాళ్ళ చీటీ జబ్బు పడినవాళ్ళకు దక్కుతుంది. జన్మంతా కట్టి ఒక్కసారీ తీసుకోనివాడే అందులో అదృష్టవంతుడు.

అప్పట్లో బ్రిటన్‌లో ప్రభుత్వపు ఏర్పాటు కూడా ఒకటి లేకపోలేదు. 1911లో లాయిడ్ జార్జి జబ్బు బీమా చట్టం తెచ్చాడు. అది సంపాదించేవాడికే. భార్యకూ పిల్లలకూ డాక్టరు లేడు. ఆమె ఏం చేసేది? మనం చేసేదే! నొప్పిని కొంగులో ముడి వేసుకుని వంట చేసుకునేది.

ట్రెడిగర్ ఊళ్ళో పుట్టి, పదమూడో ఏట గనిలో దిగిన అనూరిన్ బెవన్ పెద్దయి ఆరోగ్య మంత్రి అయ్యాడు. అతని తండ్రి బొగ్గుధూళి పట్టిన ఊపిరితిత్తులతోనే పోయాడు. మా ఊరి పద్ధతినే దేశమంతటికీ పెడతానన్నాడు బెవన్. అన్నట్టే 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలుపెట్టాడు. డాక్టర్ల సంఘం కొంతకాలం ససేమిరా అంది. తీరా తలుపులు తెరిచాక, ఏళ్ళ తరబడి జబ్బులు దాచుకున్న ఆడవాళ్ళు బారులు తీరారు. గర్భసంచి జారినవాళ్ళు, కాన్పులప్పటి పుళ్ళు మానక బాధపడేవాళ్ళు ఎందరో. అంతకాలమూ వాళ్ళు "నాదేమున్నది" అనుకున్నవాళ్ళే కదా!

అక్కడా అంతా పూలబాట కాదు. 1951లో కళ్ళజోళ్ళకూ కట్టుడుపళ్ళకూ రుసుం పెడితే, బెవన్ మంత్రిపదవి వదులుకున్నాడు. ఆపరేషన్ల కోసం ఎదురుచూసే పేర్లు ఇంగ్లండులో 2023 నాటికి డెబ్భై లక్షలు దాటాయి. ఎదురుచూపులు ఉన్నాయి గానీ, ఆసుపత్రి బిల్లు కోసం పుస్తెలతాడు తీసే పని లేదు.

మరి మన పిల్లలు వెళ్ళిన అమెరికా మాటేమిటి? అక్కడా మొదలు ముచ్చటగానే ఉంది. 1929లో డల్లాస్‌లోని బేలర్ ఆసుపత్రి బడిపంతుళ్ళతో ఒక ఒప్పందం చేసుకుంది. నెలకు యాభై సెంట్లు కడితే ఏడాదికి ఇరవైఒక్క రోజులు ఆసుపత్రిలో చూస్తారు. ఎంచేతంటే పంతుళ్ళ బాకీలు వసూలు కావడం లేదు! ఆ విత్తనమే పెరిగి పెద్ద బీమా చెట్టయింది. రెండో ప్రపంచ యుద్ధంలో జీతాలు పెంచకుండా ప్రభుత్వం పట్టు బిగిస్తే, యజమానులు జీతానికి బదులు బీమా ఇచ్చారు. అలా వైద్యం ఉద్యోగానికి ముడిపడింది. ఉద్యోగం పోతే బీమా పోతుంది. 1965లో ముసలివాళ్ళకూ పేదలకూ ప్రభుత్వం పథకాలు పెట్టింది. అయినా 2022లో అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్క తీస్తే, జనం అప్పుల చిట్టాల్లో తీరని ఆసుపత్రి బాకీలు ఎనిమిదివేల ఎనిమిదివందల కోట్ల డాలర్లు! కూతురి పురిటికి వెళ్ళే తల్లి ఆవకాయతో పాటు బీమా కాగితం కూడా పెట్టెలో సర్దుకునేది ఇందుకే.

మనమేం చేశాం? 2007 ఏప్రిల్ 1న, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయింది. 2008 కల్లా రాష్ట్రమంతటికీ వచ్చింది. తెల్లకార్డు ఇంట్లో గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మకం అనే రోజులు చాలావరకు తగ్గాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని ఏడాదికి పది లక్షలు చేశారు. 2022లో మహబూబాబాద్‌కూ, 2023లో జనగామకూ భూపాలపల్లికీ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. దేశం మొత్తం వైద్యానికి పెట్టే ఖర్చులో జనం సొంత జేబులోంచి తీసేది 2013-14లో నూటికి అరవైనాలుగు రూపాయలు. 2021-22 నాటికి ముప్ఫై తొమ్మిది.

ఇవి చిన్న సంగతులు కావు. కాని ఆరోగ్యశ్రీ ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినవాళ్ళకు. చేరకుండా చేసే జబ్బుల మాటేమిటి? నెలనెలా బి.పి. మాత్రలు, షుగరు పరీక్షలు, స్కానింగులు, వరంగల్లుకు ఆటో, బస్సు కిరాయిలు, తోడు వచ్చినవాడి కూలి. పెద్ద అప్పును ప్రభుత్వం తీరిస్తే, చిన్న అప్పు ఇల్లాలి నెత్తి మీదే ఉంది. చిన్న అప్పుకే భయపడి ఆమె తన జబ్బును పెద్ద జబ్బు అయ్యేదాకా దాస్తుంది.

దానధర్మాలతో తీరే బాకీ కాదు ఇది. జబ్బు రాకముందే అందరం కలిసి కట్టుకుంటే తీరేది. ఆ కట్టేటప్పుడు సంపాదించేవాణ్ణి ఒక్కణ్ణే కాక ఇంట్లో ఉన్న మనిషిని కూడా లెక్కలో రాసుకోవాలి. 1911లో బ్రిటన్ రాసుకోలేదు. 1948లో రాసుకుంది. మధ్యలో ముప్ఫై ఏడేళ్ళు! మహబూబాబాద్ ఆవిడ నడుం నొప్పి అంతకాలం ఆగగలదా?